బియ్యపు జాడీలో చెయ్యి

ప్యో మల్సూన్‌కి ముక్కు మీదే కోపం. బూసాన్ రేవు మీదికి ఒరిగినట్టుండే ఆ కొండపేటలో ఈ సంగతి తెలియని గడప లేదు. ఏభై ఏడేళ్ళ మనిషి. మోకాళ్ళు రెండూ ఎప్పుడో మొరాయించాయి. అయినా రోజూ పొద్దున్నే రెండువందల పన్నెండు మెట్లూ ఎక్కి దిగుతుంది. ఎక్కేటప్పుడు మెట్లు కట్టినవాణ్ణి, దిగేటప్పుడు కొండ మీద ఇల్లు కట్టుకోవచ్చని మొదట అనుకున్నవాణ్ణి తిడుతుంది.

ఆవిడ పని పెరుగుపాల సీసాలు వేయడం. బొటనవేలంత సీసా, రెండు గుక్కలు. డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు కింద రోడ్డు మీద ఉంటారు. కొండ మీది ఇరవై ముగ్గురికి మాత్రం వార్డాఫీసే వేయిస్తుంది. అందరూ ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ళు. తలుపు గొళ్ళేనికి ఓ గుడ్డసంచి వేలాడుతుంటుంది, అందులో సీసా వేసి వెళ్ళిపోవాలి. నిన్నటి సీసా సంచిలోనే ఉంటే తలుపు తట్టాలి. పలక్కపోతే ఆఫీసుకి ఫోను చెయ్యాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఆ సంచిలోకి తొంగి చూసే ఒక్క క్షణంలో గుండె ఎలా కొట్టుకుంటుందో మల్సూన్‌కే తెలుసు. పన్నెండేళ్ళలో నాలుగుసార్లు ఫోను చేసింది. రెండుసార్లు సమయానికి అందింది. మిగతా రెండింటి గురించి ఎవరైనా అడిగితే కసురుకుంటుంది.

కొండ చిట్టచివర ఉండే బున్నీ అవ్వ దగ్గర మాత్రం ఆ భయం లేదు. ఎనభై నాలుగేళ్ళు నిండినా పెదవులకి రంగు లేనిదే తలుపు తియ్యదు.

"మళ్ళీ తెచ్చావా? ఎవరైనా లేనివాళ్ళకి ఇచ్చుకోవే. పొద్దున తిన్న చేపలపులుసే నాకింకా అరగలేదు."

"ఈ కొండ మీద లేనివాళ్ళెవరూ లేరుటవ్వా. ఎవర్నడిగినా చేపలపులుసే. తాగు, నా కళ్ళెదుట తాగు."

అవ్వ తాగుతుంది. సీసా తనే కడుక్కుంటానని లోపలికి తీసుకుపోతుంది.

అసలు చిక్కంతా కొండ నడుమ, నీలం తలుపు దగ్గర. ఆ ఇంటాయన సోక్ తేబోమ్. డెబ్భై తొమ్మిదేళ్ళవాడు, ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు పద్దెనిమిదేళ్ళపాటు ఈ పేటకి పెద్ద. మూడేళ్ళుగా మల్సూన్ ఆ సంచిలో సీసా వేస్తోంది. "పెద్దాయనా, పాలు" అనే రెండు మాటలకు మించి ఒక్క మాటా ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడదు కూడా.

ఎందుకంటే నలభై అయిదేళ్ళ కిందటి మాట ఒకటి ఉంది. అప్పట్లో పేటలో ఎవరు పేదవాళ్ళో తేల్చి పట్టీ రాసేది పేటపెద్దే. ఆ పట్టీలో పేరుంటే గోధుమపిండి వచ్చేది, చలికాలానికి బొగ్గు వచ్చేది, పిల్లల బడి ఫీజు మాఫీ అయ్యేది. పై ఆఫీసు మనిషిని వెంటబెట్టుకుని పేటపెద్ద ఇంటింటికీ వచ్చి బియ్యపు జాడీ మూత తీసి చూసేవాడు. మల్సూన్ తండ్రి పోయి ఏడాది. తల్లి, ముగ్గురు ఆడపిల్లలు. ఇంట్లో మెతుకు లేదు.

ఇక్కడే వాళ్ళమ్మ ఓ పని చేసింది. ఇంకే దేశంలో అయినా నవ్వుతారేమో గానీ ఈ పేటలో ఎవరికీ నవ్వు రాదు. పరాయి మగవాళ్ళు వచ్చి ఖాళీ జాడీ చూస్తారేమోనన్న సిగ్గుతో ముందురోజే కింది ఇంట్లో శేరు బియ్యం అరువు తెప్పించింది. జాడీ అడుగున పెద్ద సత్తు గిన్నె బోర్లించి, పైన ఆ బియ్యం పరిచింది. గిన్నె బోర్లించింది పన్నెండేళ్ళ మల్సూనే. జాడీ నిండుగా కనబడితే సంబరపడి చప్పట్లు కొట్టింది కూడా.

పేటపెద్ద వచ్చాడు, మూత తీశాడు, లోపల చెయ్యి పెట్టాడు. "బియ్యం నిండుగా ఉన్నాయి" అని రాసుకుని వెళ్ళిపోయాడు. పట్టీలో వాళ్ళ పేరు రాలేదు. వసంతం రాగానే మల్సూన్ పెద్దబడికి వెళ్ళాల్సింది, చెప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఇరవై ఏళ్ళు అట్టలకి జిగురు పూసింది. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

"కళ్ళున్నవాడైతే జాడీ కాదు, మా మొహాలు చూసేవాడు" అని వయసులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. వాళ్ళమ్మ మాత్రం ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అది మల్సూన్‌కి మరీ ఒళ్ళుమంట.

అలాంటి మనిషి ఈ చలికాలం చిక్కిపోతున్నాడు. చూడకూడదనుకుంటూనే చూసింది మల్సూన్. నీలం తలుపు పక్కన గోడకి గ్యాసు మీటరు ఉంది. శరత్కాలంలో చుసోక్ పండగ నాటి అంకె నుంచి కదిలీ కదలనట్టుంది. సముద్రపు గాలి చెవులు కోసేస్తుంటే ఆ ఇంట్లో గ్యాసుతో కాగాల్సిన నేల వెచ్చబడటం లేదన్నమాట. వంట కూడా రోజుకోసారికి మించి లేదన్నమాట. సంచిలోంచి సీసా తీసుకునే చేతికి ఎముకలే మిగిలాయి.

"పోతే పోనీ, నాకేం" అనుకుంది మొదటిరోజు. రెండో రోజు మీటరు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడింది. మూడో రోజు తనను తానే తిట్టుకుంటూ వార్డాఫీసు మెట్లెక్కింది.

అక్కడ సాయం చూసే అమ్మాయి ఉమ్ దాయంగ్. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఎవరేం చెప్పినా కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంది. అంతా విని నిట్టూర్చింది.

"సోక్ తాతగారికి అన్నీ వస్తాయి పిన్నిగారూ. నెలనెలా బతుకుతెరువు సాయం, చలికాలం గ్యాసు ఖర్చు, అన్నీ. కానీ ఆయన కాగితం మీద తన పేరు ముద్ర వెయ్యందే మేం ఏమీ చెయ్యలేం. పోయిన వారమే వెళ్ళాను. కోటు వేసుకుని కూర్చున్నారు. నాకేం లోటమ్మా, లేనివాళ్ళకి ఇవ్వండి అన్నారు. కాఫీ కలిపిచ్చి పంపేశారు."

"తాగావా?"

"తాగాను."

"నీ కడుపు బంగారంగానూ! వారం మొత్తానికి ఆయనింట్లో ఉన్న కాఫీ పొట్లం అదొక్కటే అయ్యుంటుంది."

దాయంగ్ మొహం పాలిపోయింది. చలికాలం కాగితాలు నెలాఖరుతో మూసేస్తారని, ఇంకా ఆరు రోజులే ఉన్నాయని, మరోసారి వద్దంటే 'అవసరం లేదు' అని రాసి పేరు పక్కన పెట్టాలని చెప్పింది. పక్కన పెడితే చలికాలమంతా ఇంతే. "మీరూ రండి పిన్నిగారూ. మీరు రోజూ చూసే మనిషి కదా."

"నాకు ఆయనతో మాటల్లేవు."

"మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడండి చాలు."

మర్నాడు పదకొండు గంటలకి ఇద్దరూ నీలం తలుపు తట్టారు. సోక్ తేబోమ్ తలుపు తీశాడు. బూడిదరంగు కోటు, టై, నున్నగా దువ్విన తెల్లజుట్టు. కోటు మాత్రం భుజాల మీంచి జారిపోతోంది. లోపల అడుగు పెట్టగానే నేల వెచ్చగా తగిలింది మల్సూన్‌కి. బయట మీటరు గిర్రున తిరుగుతుండగా చూసే వచ్చింది. వస్తున్నామని ముందుగా కబురు పెట్టడమే తప్పు. పీట మీద పళ్ళెంలో నాలుగు కమలాలు, తళతళా తుడిచి పెట్టి ఉన్నాయి.

"కూర్చో అమ్మాయ్. పాలమ్మాయీ, నువ్వు కూడా. చెప్పాగా, నాకేం తక్కువ లేదు. ఊరందరి పేర్లూ పట్టీల్లోకి ఎక్కించినవాణ్ణి, ఇప్పుడా పట్టీలో నా పేరు రాయించుకోనా?"

"తాతగారూ, ఈ కాగితం మీద ఒక్క ముద్ర..."

"నమ్మవా? ఇదిగో, నీ కళ్ళతో చూడు." ఆయన వంటగది మూలకి వెళ్ళి మట్టిజాడీ మూత ఎత్తాడు. "నెలకి సరిపడా ఉన్నాయి."

తెల్లగా, అంచు దాకా బియ్యం. దాయంగ్ మెడ సాచి చూసి, మొహమాటంగా తలూపి, కలం తీసింది. మల్సూన్ కూడా చూసింది. బియ్యం మరీ చదునుగా ఉన్నాయి. రోజూ గిద్దెతో తోడుకునే బియ్యం అలా ఉండవు, ఒక పక్కకి గుంట పడుతుంది. ఎవరో అరచేత్తో నిమిరి నిమిరి సర్దిన బియ్యం అవి. ఆ నిమరడం ఎలా ఉంటుందో మల్సూన్ అరచేతికి తెలుసు.

ఎవరినీ అడక్కుండా జాడీలో చెయ్యి పెట్టేసింది. మణికట్టు కూడా మునగలేదు. వేళ్ళకి చల్లగా, గుండ్రంగా తగిలింది. బోర్లించిన గిన్నె.

తలెత్తింది. సోక్ తేబోమ్ ఆవిడ వంకే చూస్తున్నాడు.  కళ్ళతోనే వద్దంటున్నాడు. ఆ చూపు మల్సూన్ ఎరిగినదే. ఆ రోజు వాళ్ళమ్మ, గోడకి ఆనుకుని, చీపురు పట్టుకుని, సరిగ్గా ఇలాగే చూసింది.

"నిండుగా ఉన్నాయా పిన్నిగారూ?" అడిగింది దాయంగ్, కాగితం మీద కలం ఆనించి.

ఉన్నాయంటే సరిపోతుంది. ఆయన పరువు నిలుస్తుంది. నలభై అయిదేళ్ళ కక్షా తీరుతుంది. మర్యాదా, పగా రెండూ ఒకే మాటతో అయిపోతాయని అప్పుడు తట్టింది మల్సూన్‌కి. చెయ్యి జాడీలోంచి తియ్యకుండానే అంది:

"అమ్మాయ్, కింద నా బండికి తాళం వేశానో లేదో గుర్తు రావట్లేదు. ఒక్క పరుగున చూసి రా తల్లీ."

"రెండువందల మెట్లు దిగా?"

"ఇంకో పన్నెండు కలుపుకో. వెళ్ళవే, సీసాలు పోతే నా జీతంలో కోస్తారు."

దాయంగ్ కాగితం పీట మీద పెట్టి, గొణుక్కుంటూ వెళ్ళింది. తలుపు పడింది. మల్సూన్ గిన్నె అంచు పట్టుకుని పైకి లాగింది. బియ్యం జలజలా అడుగుకి జారిపోయాయి. చూస్తే రెండు పూటలకి మించి లేవు.

"ఎవరిచ్చారు ఈ బియ్యం, బాబాయ్?"

బాబాయ్ అన్న మాట ఆవిడ నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. చిన్నప్పుడు పేటపెద్దని పిల్లలంతా అలాగే పిలిచేవాళ్ళు. ఆయన మెల్లగా నేల మీద కూలబడ్డాడు. టై వదులు చేసుకున్నాడు.

"కింది కొట్లో అరువు. కమలాలు కూడా." పళ్ళెం పక్కకి జరిపి అన్నాడు: "నువ్వు ప్యో వాళ్ళ మల్సూన్‌వి. మొదటిరోజు సీసా వేసినప్పుడే పోల్చుకున్నాను."

"పోల్చుకుని మూడేళ్ళు నోరు మూసుకున్నారా!"

"ఏ మొహంతో మాట్లాడను? ఆ రోజు నా వేళ్ళకీ తగిలింది, మల్సూన్. మీ సత్తు గిన్నె."

 ఇన్నేళ్ళూ ఆయన మోసపోయాడనే అనుకుంది. గుడ్డివాడనుకుంది, తిట్టుకుంది.

"తెలిసీ రాశారా? లేవని తెలిసే నిండుగా ఉన్నాయని రాశారా?"

"గుమ్మంలో పై ఆఫీసువాడు. వాడి పక్కన ఇరుగుపొరుగు అంతా. మీ అమ్మ నా వంక చూసింది, ఇందాక నేను నీ వంక చూసినట్టే. పెనిమిటి పోయిన మనిషి, అంతమందిలో ఆవిడ పరువు నా చేత్తో బయటికి లాగలేకపోయాను. మర్యాద చేశాననుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. తెల్లారి పట్టీ దిద్దుదామని పరిగెత్తాను, అప్పటికే పై ఆఫీసుకి పోయింది. మర్నెల చూద్దామన్నారు. ఆ తర్వాత వసంతంలో నిన్ను ఫ్యాక్టరీ బస్సులో చూశాను. జడలు కత్తిరించేశారు నీకు."

మల్సూన్ ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. ఆయన్ని తిట్టింది, పరువు కోసం పిల్లల్ని పస్తులుంచిన వాళ్ళమ్మని తిట్టింది, గిన్నె బోర్లించి చప్పట్లు కొట్టిన పన్నెండేళ్ళ పిల్లని తిట్టింది. వాళ్ళమ్మ ఆయన్ని ఎందుకు పల్లెత్తు మాట అనలేదో ఇవాళ్టికి తెలిసింది. అడిగింది ఆవిడే, చేసింది ఆయన. ఇక తిట్టడానికి ఎవరూ మిగలక చేతిలో ఉన్న స్టీలు గిన్నెని నేలకేసి కొట్టింది. అది గుండ్రంగా తిరిగి తిరిగి ఆయన మోకాలి దగ్గర ఆగింది.

"ముద్ర ఎక్కడుంది?"

"మల్సూన్..."

"ఎక్కడుందీ అంటున్నా! పద్దెనిమిదేళ్ళు ఊరందరి పేర్లూ రాశారే, వాళ్ళంతా మనుషులు కారా? వాళ్ళకి లేని నామోషీ మీ ఒక్కరికే వచ్చిందా? చూడండి బాబాయ్, నేను చెయ్యి పెట్టాను, గిన్నె తగిలింది, తగిలిందని చెప్తున్నాను. నాకు చేసిన మర్యాద చాలు. నేను మీకు చెయ్యను."

ఆయన గిన్నె తీసి పీట మీద పెట్టాడు. తర్వాత లేచి సొరుగు లాగి, రుమాలులో చుట్టిన చెక్కముద్ర తీశాడు. ఎర్రసిరా ఎండిపోయింది. ముద్రని నోటి దగ్గర పెట్టుకుని "హా" అని రెండుసార్లు ఊపిరి వదిలి, కాగితం మీద గట్టిగా అదిమాడు. ముద్ర వంకర పోలేదు. ఎంతైనా అలవాటైన చెయ్యి.

దాయంగ్ రొప్పుతూ వచ్చింది. "తాళం వేసే ఉంది పిన్నిగారూ!" అంటూనే ఆగిపోయింది. కాగితం మీద ఎర్రటి ముద్ర ఉంది. పీట మీద స్టీలు గిన్నె ఉంది, కమలాలు ఇప్పుడు అందులో ఉన్నాయి. ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి. ఆ పిల్ల జాడీ వంక ఓసారి, గిన్నె వంక ఓసారి చూసింది.

"తిను అమ్మాయ్" అన్నాడు సోక్ తేబోమ్. "అరువు కమలాలే. తియ్యగానే ఉంటాయి."

జనవరి రెండోవారం నుంచి మీటరులో చక్రం రోజూ తిరగసాగింది. మల్సూన్ సీసా వేసి, ఓ నిమిషం ఆ చక్రాన్నే చూసి గానీ కదిలేది కాదు. గిద్దెడు గ్యాసు ఎక్కువ కాలితే ఇంత సంతోషపడే మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటానని నవ్వుకునేది. ఆయన ఇప్పుడు కోటు వేసుకోడు, పాత స్వెట్టరే. "పాలమ్మాయ్" అనడం మానేశాడు. "మల్సూన్, ఇవాళ మెట్లేమంటున్నాయి?" అంటాడు.

ఓ పొద్దున ఆయన గుమ్మంలోనే బూట్లు తొడుక్కుని ఎదురుచూస్తున్నాడు.

"పైన బున్నీ ఏం తింటోంది?"

"చేపలపులుసు. రోజూ చేపలపులుసే."

"చేపల బజారుకెళ్ళి నాలుగేళ్ళయింది ఆవిడ. ఈ కొండ మీద ఎవరు బజారుకెళ్తారో నాకు తెలియదా? ఆ ఆఫీసు పిల్లని పిలువు. ముందుగా కబురు మాత్రం పెట్టొద్దను."

ముగ్గురూ మెట్లెక్కారు. ఆయనకి ప్రతి ఇరవై మెట్లకీ ఆగాల్సి వచ్చింది. మల్సూన్ ఆగిన ప్రతిసారీ ఆయన్నే తిట్టింది. తలుపు తీసిన బున్నీ అవ్వ ముందు పెదవులు మూసుకుంది. రంగు వేసుకునే వ్యవధి దొరకలేదు పాపం. దాయంగ్ నెలనెలా వచ్చే సాయం సంగతి చెప్పీ చెప్పకముందే అవ్వ చెయ్యి ఊపింది.

"నాకెందుకే సాయాలూ అవీ! లేనివాళ్ళకివ్వండి. బియ్యం చూస్తారా? చూసుకోండి, నిండా ఉన్నాయి." జాడీ మూత టక్కున ఎత్తింది.

సోక్ తేబోమ్ చెయ్యి పెట్టాడు. లోపల ఏదో గలగలమంది. వేళ్ళు బయటికి వచ్చేసరికి వాటి మధ్య బొటనవేలంత ఖాళీ సీసా ఉంది, శుభ్రంగా కడిగి ఆరబెట్టినది. అడుగునుంచీ అవే. మల్సూన్ రోజూ తెచ్చిన సీసాలు, వాటి మీద పల్చగా ఓ పొర బియ్యం.

అవ్వ ఆయన వంక చూసింది. అదే చూపు.

 ఆయన సీసాని పిడికిట్లో దాచుకుని, తల వెనక్కి తిప్పాడు.

"అమ్మాయ్, మల్సూన్ బండికి తాళం..."

దాయంగ్ అప్పటికే గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. "వేసి ఉండదు తాతగారూ. వెళ్ళి చూసొస్తా." తలుపు దగ్గరగా వేస్తూ, ముద్రవేయాల్సిన కాగితం మల్సూన్ చేతికి అందించింది. "మెట్లు ఎక్కువ కదా, నెమ్మదిగా వస్తాను."